ఇంటి వెనుక చెరువులో ఆలిగేటరు

అమెరికా సంయుక్త రాష్ట్రములకు ఆగ్నేయ కోణమున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన ఫ్లోరిడా రాష్ట్రములో, గడచిన నాలుగైదు దశాబ్దములలో వెలసిన నివాసపు కాలనీలలో పెక్కింటికి పెరటివైపున ఒక చెరువు ఉండును. అది ప్రకృతి కల్పించినది కాదు. వానకాలమున ఇండ్ల కప్పుల మీదినుండియు రోడ్ల మీదినుండియు పారెడు మురికినీరు ఒక్కుమ్మడిగా నదులలో బడి వానిని చెరుపకుండునట్లు, నిలిపి తేర్చుటకై మనుష్యులు త్రవ్వినది. భూమిలోని గొట్టములును తూములును ఒక చెరువును మరియొక చెరువుతోడను, దానిని కాలువతోడను, కాలువను దూరమందలి చిత్తడినేలతోడను కలుపుచుండుటచే, ఆ దారినే చేపలును తాబేళ్లును వచ్చిచేరును. వానిని వెదకికొనుచు నీటిపక్షులు వ్రాలును. ఆ వెనుక, ఎవ్వరును పిలువకయే, ఆలిగేటరు వచ్చును. ఆ రాష్ట్రమునందలి 67 కౌంటీలలో ఇది లేని కౌంటీ యొక్కటియు లేదు. దాని మొత్తపు సంఖ్య సుమారు 13 లక్షలని అచటి మత్స్య వన్యప్రాణి సంరక్షణ సంఘమువారు అంచనా వేసియున్నారు.

నీటిలో ఆలిగేటరు కనబడుట ఒక సంగతి. అది ఉపద్రవకారి యగుట వేరొక సంగతి. మొదటిదానిని రెండవదానిగా మార్చువాడు చాలవరకు మనుష్యుడే యనియు, అట్లు మారిన పిదప ప్రాణము కోల్పోవునది మాత్రము ఆ జంతువే యనియు ఈ యధ్యాయమున నిరూపింప దలచితిని. చట్టము ఏమి చెప్పుచున్నది, దయ యనదగినది ఏది యను ప్రశ్నలు ఈ విషయమును గ్రహించిన తరువాతనే అర్థవంతములగును.

ప్రపంచమున ఆలిగేటరు జాతులు రెండే కలవు. ఒకటి అమెరికాలోనిది, రెండవది చైనాలో యాంగ్జీ నది దిగువ భాగమున, అంతరించుటకు సిద్ధముగ నున్న చిన్న జాతి. మన దేశపు నదులలోని మొసళ్లకు ఇది దాయాది మాత్రమే. మూతి వెడల్పుగను, కొన గుండ్రముగను ఉండును. నోరు మూసినపుడు క్రింది దంతములు పైదవుడలోని గుంటలలో దాగిపోవును. మొసలికైతే క్రిందిదవుడ యందలి నాలుగవ దంతము బయటికి కనబడుచుండును. ఆడుది పది అడుగులు మించుట అరుదు. మగది పండ్రెండు, పదుమూడు అడుగుల వరకు పెరుగును. ఫ్లోరిడాలో కొలిచినవానిలో మిక్కిలి పొడవైనది 14 అడుగుల మూడున్నర అంగుళములు ఉండెను.

ఈ జంతువు దవుడలను దగ్గరగా చూచినచో, వాని యంచులపొడుగునను మిరియపు గింజలు చల్లినట్లు నల్లని చిన్న బొడిపెలు కనబడును. ఇవి వట్టి మచ్చలు కావు. 2002లో డాఫ్నీ సోర్స్ అను శాస్త్రజ్ఞురాలు, చీకటిగదిలో సగము మునిగియున్న ఆలిగేటరు పిల్లల తొట్టిలో ఒక్క నీటిబొట్టు జారవిడిచి చూడగా, అవి తటాలున ఆ దిక్కునకు మరలినవి. ఆ బొడిపెలపై ఒక పూత పూసి కప్పివేసినపుడు ఏ చలనమును చూపలేదు. నీటి ఉపరితలమున పుట్టు అల్పమైన అలను సైతము గ్రహించు ఇంద్రియము లవి. చెరువు గట్టున కూర్చుండి కాళ్లు నీటిలో ఆడించు బాలునికిని, దాహము తీర్చుకొనుటకై నాలుకతో నీటిని తాకు కుక్కకును కలుగు ప్రమాదము ఎటువంటిదో దీనినిబట్టి ఊహింపవచ్చును. ఆలిగేటరు వెంటాడి వేటాడునది కాదు, పొంచియుండి పట్టునది. సంధ్యాకాలము మొదలు తెల్లవారువరకు దాని ఆహారవేళ. ఉష్ణోగ్రత 21 సెంటీగ్రేడు డిగ్రీలకు తగ్గినపుడు మేత మానును. 13 డిగ్రీలకు దిగజారినపుడు గట్టున చేసికొన్న బొరియలో జడమై పడియుండును.

దాని బలము సామాన్యమైనది కాదు. ఫ్లోరిడా రాష్ట్ర విశ్వవిద్యాలయములో గ్రెగరీ ఎరిక్సన్ బృందమువారు కొలువగా, పండ్రెండు అడుగులకు మించిన యొక ఆలిగేటరు కాటు దాదాపు 3,000 పౌనుల బలము కలదిగా తేలినది. ఐనను ఆ దవుడలను మూయు కండరములతో పోల్చినచో, తెరచు కండరముల శక్తి మిక్కిలి స్వల్పము. మూసిన నోటికి నాలుగు చుట్లు టేపు చుట్టినచో తెరవజాలదు. ఇక నేలమీద దాని సత్తువ స్వల్పకాలికము. పెద్దలు స్థానబలిమి యన్నది దీనియందు శరీరధర్మ శాస్త్రము చేతనే ఋజువగుచున్నది: హఠాత్తుగా చూపు బలమంతయు ప్రాణవాయువుతో పనిలేకుండ కండరములలో పుట్టినదగుటచే, కొలది నిమిషములలోనే లాక్టిక్ ఆమ్లము రక్తమున పేరుకొని, జంతువు నిస్త్రాణమై పోవును. కావుననే నేలపై అది మనుష్యుని దూరము తరిమిన ఉదాహరణలు మిక్కిలి అరుదు. వంకరటింకరగా పరుగెత్తవలెనను ప్రచారము నిరాధారము. తిన్నగా, నీటికి దూరముగా పోయిన చాలును.

ఇంత బలముగల జంతువు ఒకప్పుడు మనుష్యుని చేతిలో అంతరింపవలసిన స్థితికి వచ్చెను. చెప్పులకును సంచులకును దాని తోలు కావలసివచ్చుటయు, చిత్తడినేలలను ఎండగట్టి సేద్యమునకును ఇండ్లకును వాడుకొనుటయు దీనికి కారణములు. ఫ్లోరిడా ప్రభుత్వము 1962లో వేటను నిషేధించెను. 1967లో సంయుక్త ప్రభుత్వము దీనిని అంతరించుచున్న జంతువుల పట్టికలో చేర్చెను. అయినను దొంగవేట ఆగకపోగా, 1969లో వన్యప్రాణి వ్యాపారమును గూర్చిన లేసీ చట్టమును సవరించి, అక్రమముగా తీసిన తోలు ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పోకుండ కట్టడి చేసిన పిదపనే అది తగ్గుముఖము పట్టినది. 1987 నాటికి జాతి పూర్తిగా కోలుకొన్నదని ప్రకటించిరి. ఐనను దక్షిణ ఫ్లోరిడాలోని అమెరికన్ మొసలిని పోలియుండుటచేత, ఆ మొసలికి హాని కలుగకుండుటకై, ఆలిగేటరును గూడ నేటికిని చట్టపు రక్షణలోనే ఉంచియున్నారు. అనుమతి లేక ఆలిగేటరును చంపినను, గాయపరచినను, పట్టినను, దగ్గర ఉంచుకొన్నను ఆ రాష్ట్రమున అది తృతీయశ్రేణి ఘోరనేరము. ఐదేండ్ల వరకు కారాగారమును, 5,000 డాలర్ల వరకు జరిమానాయు విధింపవచ్చును. పెరటిలోనికి వచ్చినది కదా యని ఇంటి యజమాని తుపాకి తీయుటకుగాని, కఱ్ఱతో పొడుచుటకుగాని, పిల్లను పట్టి తొట్టిలో పెంచుటకుగాని హక్కు లేదు.

ఒక జాతిని నశింపనీయక నిలిపిన చట్టము ఇంతటి ఫలితము నిచ్చుట నిజముగా గొప్ప విషయము. అదే కాలమున ఆ రాష్ట్రపు జనసంఖ్య రెండుకోట్లు దాటినది. జంతువులును పెరిగినవి, మనుష్యులును పెరిగిరి. చెరువు గట్టు ఉభయులకును సరిహద్దయ్యెను.

సహజస్థితిలో పెరిగిన ఆలిగేటరుకు మనుష్యుడన్న భయము. గట్టున ఎండ కాగుచున్నది, మనిషి అలికిడి వినగానే నీటిలోనికి జారిపోవును. ఈ భయమే ఇరువురికిని రక్ష. దీనిని చెరుపు ఉపాయము ఒక్కటే, అది ఆహారము. ఎవరో ఒకరు రొట్టెముక్కయో, కోడిమాంసపు తునకయో విసరుదురు, మరునాడును విసరుదురు, పట్టిన చేపలను పడవరేవున శుభ్రము చేసి, తలలను, ప్రేవులను నీటిలో పారవైచుదురు. ఆలిగేటరు మెదడు చిన్నదే కాని, తిండి దొరకిన చోటును, దానిని తెచ్చిన ఆకారమును అది మరువదు. కొలది దినములలో మనుష్యుని చూచి తొలగుటకు మారు ఎదురు వచ్చుట నేర్చుకొనును. వినోదమునకు విసరినవాడు కారెక్కి పోవును. సాయంకాలము అదే గట్టున ఎదురుపడునది పొరుగింటి పసివాడు కావచ్చును. ఈ కారణమున ఆలిగేటరుకు మేత వేయుట ఫ్లోరిడాలో శిక్షింపదగిన నేరము. మరల మరల చేసినవారికి శిక్ష పెరుగును.

ఇచట మనవారిని ఉద్దేశించి ఒక మాట చెప్పవలసియున్నది. ఓర్లాండో, టాంపా, జాక్సన్‌విల్ పరిసరములలో తెలుగు కుటుంబములు పెక్కు కలవు. వారిని చూడవచ్చిన తల్లిదండ్రులు తెల్లవారుజామునను, పొద్దు వాలిన పిమ్మటను చెరువు చుట్టును నడచుట పరిపాటి. కోనేటిలో చేపలకు బొరుగులు చల్లుట పుణ్యమని పుట్టి పెరిగిన మనసులు, అచటి బాతులను, తాబేళ్లను చూచి చేతిలోని అటుకులో, అన్నపు మెతుకులో వేయక మానలేవు. ఆ సంకల్పము పవిత్రమే. కాని మేతకు మూగిన బాతులను, చేపలను వెదకికొని వచ్చునది వేరొకటి యుండును. అది గట్టును, మనుష్యుని నీడను, తిండిని కలిపి జ్ఞాపకముంచుకొనును. పైగా ఆ రెండు వేళలును దాని ఆహారవేళలే. నడక మానవలసిన పనిలేదు. గట్టునకు ఏడెనిమిది గజములు ఎడముగా నడచి, చేతులు ఖాళీగా ఉంచుకొన్న చాలును. కుక్కను వదలరాదు, గొలుసుతో పట్టుకొన్నను నీటి యంచునకు పోనీయరాదు. 2023 ఫిబ్రవరిలో ఫోర్ట్ పియర్స్ పట్టణమున ఒక వృద్ధురాలు పెంపుడు కుక్కతో చెరువు గట్టున నడచుచుండగా, ఆలిగేటరు నీటిలోనుండి లేచి కుక్కపై బడి, పిమ్మట ఆమెను పట్టి, ప్రాణమును తీసినది.

ఇట్టి వార్త విన్నపుడు కలుగు భయము సహజమే కాని, దాని పరిమాణమును గూడ తెలిసికొనవలెను. ఆ రాష్ట్రమువారు 1948 మొదలు లెక్క పెట్టుచున్నారు. ఈ ముప్పాతిక శతాబ్దములో, రెచ్చగొట్టకుండ జరిగిన దాడులలో మృతిచెందినవారు ముప్పదిమంది ప్రాంతమున ఉందురు. వైద్యుని చికిత్స కావలసిన కాట్లు ఏటా సగటున ఎనిమిది. అచటి నివాసి యొకనికి ఇట్టి తీవ్రగాయము కలుగు అవకాశము 31 లక్షలలో ఒకటి యని వారి గణన. పట్టుబడినవాడు చేయవలసినది ఒక్కటే: శక్తికొలది పెనుగులాడి, పెద్దగా అరచుచు, కొట్టవలెను, ప్రతిఘటన తీవ్రమైనచో అది తరచుగా విడిచివైచును. గాయము చిన్నదైనను వైద్యునికి చూపవలెను, ఏలయనగా దాని నోటిలో ప్రమాదకరమైన బాక్టీరియా లుండును.

ఋతువునుబట్టియు విషయము మారును. ఏప్రిలు మాసమున ఆడుదానిని వెదకుచు మగవి సంచారము మొదలిడును. తెల్లవారుజామున నీటిలో తలను, తోకను పైకెత్తి మగది చేయు గర్జన దూరమునకు వినబడును. మన చెవి కందని తగ్గు స్థాయి కంపనములు కూడ అందుండుటచే, దాని వీపుమీది నీరు చిన్న చిన్న తుంపరలై ఎగిరి ఆడుచుండును. ఏప్రిలు నుండి జూను వరకు కాలిబాట మీదనో, కారుషెడ్డులోనో, వీధి నడుమనో కనబడు ఆలిగేటరు తరచుగా బాటసారి. దాని గమ్యము వేరు. రెండు మూడు గంటలు, ఒక రాత్రి గడువనిచ్చినచో తన దారిని తాను పోవును. జూను చివర, జూలై మొదట ఆడుది ఆకులలములు ప్రోవు చేసి ముప్పది, నలుబది గ్రుడ్లు పెట్టును. అరువదియైదు దినముల లోపల అవి పొదుగబడును. గూటి వేడిమి 30 డిగ్రీలకు మించనిచో ఆడుపిల్లలును, 33 ప్రాంతమున నున్నచో మగపిల్లలును అధికముగా పుట్టును. ఆ కాలమున గూటి దరికి పోయినవారిపై తల్లి బుసకొట్టి మీదికి వచ్చుట ఉపద్రవము కాదు, మాతృధర్మము. ఆ గట్టున ఆ రెండు నెలలు నడవకుండుట మనకు కష్టమైన పని కాదు.

ఇన్ని చెప్పినను, నిజముగా తొలగింపదగిన ఆలిగేటరు ఉండదని నా యభిప్రాయము కాదు. మనిషిని చూచి ఎదురు వచ్చునది, ఇంటి వాకిట తిష్ఠ వేసినది, ఈతకొలనులో దిగినది, పశువులను, కుక్కలను పట్ట మరగినది, వీనిని ఉపేక్షింపరాదు. కనీసము నాలుగు అడుగుల పొడవుండి, మనుష్యులకుగాని, పెంపుడు జంతువులకుగాని, ఆస్తికిగాని ప్రమాదకరమని తోచినదే ఉపద్రవకారి యని ఆ రాష్ట్రపు నిర్వచనము. అంతకన్న చిన్నవి చేపలను, కప్పలను, పురుగులను తిని బ్రదుకును. చేతితో పట్టుకొననంతవరకు వానివలన హాని లేదు. ఫిర్యాదుకు 1978 నుండి ఒక రాష్ట్రవ్యాప్త కార్యక్రమము నడచుచున్నది; 866-392-4286 అను సంఖ్యకు ఉచితముగ ఫోను చేయవచ్చును. పొడవెంత, ఎచట నున్నది, ఎట్లు ప్రవర్తించుచున్నది యని అడిగి, తగినదని తోచినచో ఆ ప్రాంతమునకు నియమితుడైన పట్టువానికి ఆ యొక్క స్థలమునకు మాత్రము అనుమతి యిత్తురు. స్థలము కాలనీ సంఘమువారిదో, వేరొక సంస్థదో యైనచో, వారి సమ్మతి లేక పట్టరు. ఇట్లు ఏటా కొన్నివేల ఆలిగేటర్లు తొలగింపబడుచున్నవి.

తొలగింపబడుచున్నవి యన్న ఈ మృదువైన పదము వెనుక నున్న యథార్థమును చాలమంది ఎరుగరు. పట్టిన ఆలిగేటరును దూరపు అడవిలో విడిచివత్తురని వారి నమ్మకము. నాలుగు అడుగులు మించినదానిని అట్లు విడువరు, చంపుదురు. తోలు, మాంసము అమ్మి పట్టువాడు తన శ్రమకు ముఖ్యమైన ప్రతిఫలమును పొందును. ఇది క్రౌర్యముగా తోచును. నాకును తొలుత అట్లే తోచినది. కాని దాని కారణములు నిర్లక్ష్యము చేయదగినవి కావు. 1978కి ముందు అధికారులు వానిని పట్టి దూరమున విడుచుచుండిరి. అవి తిరిగి వచ్చుచుండెను, లేక దారిలో మరియొకచోట ఉపద్రవము కలిగించుచుండెను. మొసలిజాతులకు స్వస్థలాన్వేషణ శక్తి అద్భుతమైనది. ఆస్ట్రేలియాలో శాస్త్రజ్ఞులు నాలుగున్నర మీటర్ల ఉప్పునీటి మొసలి నొకదానిని పట్టి, ఉపగ్రహ సంకేతయంత్రమును తగిలించి, హెలికాప్టరులో కేప్ యార్క్ ద్వీపకల్పపు అవతలి తీరమునకు చేర్చి విడువగా, అది కొంతకాలము అచట తిరుగాడి, పిమ్మట ద్వీపకల్పము నంతయు చుట్టి, 400 కిలోమీటర్లకు పైగా ఇరువది దినములలో ఈది, పట్టినచోటికే వచ్చి చేరెను. 2007లో ప్రకటింపబడిన వృత్తాంత మిది. తిరిగి రానిచో, విడిచిన చెరువులో నున్న పెద్ద ఆలిగేటరు క్రొత్తదానిని సహింపదు; ఒకటి మరియొకదానిని చంపును, లేక తరుమును. ఖాళీగానున్న చెరువు ఫ్లోరిడాలో దొరకదు.

కావున ఫోను చేయుటకు పూర్వము, ఆ పిలుపుతో ఒక ప్రాణి మరణము నిశ్చయమగునని తెలిసియే చేయవలెనని నా దృఢమైన నమ్మకము. బిడ్డలున్న ఇంటి వాకిట అలవాటుపడిన ఆలిగేటరు మసలుచున్నపుడు సందేహింపరాదు. చెరువు నడుమ ఎండ కాగుచున్నదానిని చూడ నిష్టములేక ఫోను చేయుట అన్యాయము; నిరుపయోగము కూడను, ఏలయనగా ఖాళీయైన చెరువులోనికి తూము దారిని మరియొకటి వచ్చును. ఎవ్వడు మేత వేయుచున్నాడో తెలిసిన ఇరుగుపొరుగులు ముందుగా అతనిని వారించుట, విననిచో అధికారులకు తెలుపుట, జంతువును తెలుపుటకంటె ముందు జరుగవలసినది.

పట్టుటలోను దయకు చోటు కలదు. గాలము, త్రాడుగల బల్లెము, ఉచ్చుకఱ్ఱ, వీనితో పట్టువాడు దానిని గట్టునకు లాగును. పెనుగులాట సాగినకొలది ముందు చెప్పిన లాక్టిక్ ఆమ్లము పెరిగి, పెద్ద దేహముగల జంతువు ఆ ఆయాసముచేతనే మరణించుట గలదు. కావున నేర్పరియైన పట్టువాడు పనిని క్షణములలో ముగించును. మూతికి టేపు చుట్టి, కన్నులపై బట్ట కప్పినంతనే అది చాలవరకు శాంతించును. చంపుటలో ఇంకొక మెలకువ కావలెను: ఈ జాతి మెదడు ప్రాణవాయువు లేకున్నను చాలసేపు జీవించును, మెడయందు వెన్నుపాము తెగినంతమాత్రమున బాధ ఆగినదని తలంపరాదు. కావున మెదడును తత్‌క్షణమే నాశము చేయవలెనని పశువైద్యశాస్త్రజ్ఞుల నిర్దేశము. వినుటకు కష్టమైనను ఇది చెప్పక తప్పదు. మరణము అనివార్యమైనచోట దయ యనగా ఈ జాగ్రత్తయే.

దక్షిణ ఫ్లోరిడాలో ఆలిగేటరుతో కలిసి జీవించు అమెరికన్ మొసలి విషయమున ఆ రాష్ట్రపు వన్యప్రాణి సంరక్షణ సంఘమువారి నడవడి వేరు. దాని సంఖ్య స్వల్పమగుటచే చంపరు. తప్పనిసరియైనపుడు వేరొకచోటికి తరలింతురు. కాలువ గట్టున నున్నవారికి దానితో ఎట్లు మెలగవలెనో బోధింతురు.

మన దేశపు విధానము దీనికే దగ్గరగా నున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మన మొసళ్ల నన్నిటిని మొదటి షెడ్యూలులో చేర్చినది. 1975లో ప్రారంభమైన మొసళ్ల సంరక్షణ ప్రణాళికలో హైదరాబాదునకు ముఖ్యమైన పాత్ర కలదు, శిక్షణ కొరకు కేంద్ర సంస్థయు అచటనే వెలసినది. మంజీర అభయారణ్యమున మగర్ మొసళ్లు నేడు గ్రుడ్లు పెట్టి పిల్లలను చేయుచున్నవి. కాలువనీరు తగ్గినపుడు వరిమడిలోనికో, గ్రామపు కుంటలోనికో ఒకటి దారితప్పి వచ్చినచో, రైతు దానిని కట్టుటకుగాని కొట్టుటకుగాని వీలులేదు. జనమును దూరముగ నిలిపి, అటవీశాఖవారికి కబురు చేయవలెను. వారు వచ్చి మూతికి త్రాడు బిగించి, తడిపిన గోనెసంచి కన్నులపై కప్పి, బండిలో ఎక్కించి జలాశయమునకు చేర్తురు.